గొట్టంలో కాడమల్లె

చాలా ఏళ్లకు మొన్న మురుగు పొంగితే మా ఇంటి డ్రైనేజీ పైపు మార్పించాను. ప్లంబరు తవ్వి తీసిన పాత మట్టి గొట్టాన్ని పలుగుతో పగలగొడితే లోపల నుంచి జడలాంటి వేరు ఒకటి బయటపడింది. గొట్టం ఎంత లావో అదీ అంత లావు. సన్నటి పీచు పోగులు పోగులుగా అల్లుకుని, చివరికి వచ్చేసరికి కుచ్చులా సన్నబడింది. ప్లంబరు చుట్టూ చూశాడు. ఒక పక్క మా గోడ, ఒక పక్క అపార్టుమెంటు, కింద అంతా సిమెంటు. "ఏ చెట్టుది తాతా గిది? ఈడ చెట్టే లేదు గద" అన్నాడు. "ఉండె" అన్నాను. అంతకంటే పొడుగు జవాబు చెప్పాలంటే అతను పని మానుకుని కూర్చోవాలి. మీరు కూర్చున్నారు కాబట్టి చెప్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో ఇంకా బండలూ తుమ్మచెట్లూ ఉన్న రోజుల్లో, ఒక ప్లాటును రెండు ముక్కలు చేసి ఇద్దరం కొన్నాం. రోడ్డు వైపు ముక్క గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక గుమాస్తాది. వెనక ముక్క నాది, నాచారం ఫ్యాక్టరీలో ఫిట్టరును. నా మురుగు ఆయన వాకిలి కింద నుంచే రోడ్డు లైనులోకి పోవాలి. నేను బడికి పోయింది తక్కువే. అయినా ఇల్లు మొదలుపెట్టే ముందు పాత పుస్తకాల దుకాణంలో మురుగు గొట్టాల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఆసాంతం చదివాను. గొట్టానికీ గొట్టానికీ మధ్య అతుకు ఎట్లా బిగించాలో మేస్త్రీకి వినిపించాను కూడా. అతను శ్రద్ధగా తలూపి, నేను డ్యూటీకి పోగానే పైపైన ఇంత సిమెంటు మెత్తి మట్టి కప్పేశాడు. మన దగ్గర భూమి లోపలికి పోయే పని ఏదైనా ఇంతే. కనిపించేదానికి రంగులు, కనిపించనిదానికి మన ఖర్మ.

గుమాస్తా భార్యకు కాడమల్లె పూలంటే ప్రాణం. వాకిట్లో గేటు పక్కనే ఒక మొక్క నాటింది. అది నాలుగు వానలకే డాబా దాటింది. చలికాలం మొదట్లో తెల్లారేసరికి వాకిలంతా తెల్లటి పొడుగు కాడల పూలు, గాలి నిండా వాసన. దారం అక్కరలేకుండా కాడలతోనే జడ అల్లి, ఆమె గోడ మీద నుంచి మా ఆవిడకు అందించేది. అదే సమయంలో ఆ చెట్టు వేర్లు మేస్త్రీ వదిలిన సందుల్లోంచి గొట్టంలోకి దూరి కూర్చునేవి. వాళ్ల ఇల్లు ఎత్తు మీద కట్టారు, మాది పల్లంలో ఉంది. పూలు రాలేది వాళ్ల వాకిట్లో, మురుగు పొంగేది మా బాత్రూములో. ఇదేం న్యాయమని చెట్టు కొట్టేయమని అడగడానికి పోయాను. "బావగారూ, చెట్టు తప్ప ఇంకేదైనా అడగండి" అన్నాడాయన. ఇంటికొస్తే మా ఆవిడ తలలో అదే జడ. "గన్ని పూలిచ్చే చెట్టును ఒక్క గొట్టం కోసం కొట్టిస్తవా?" అంది, చెంగు దోపుకుని బాత్రూము తుడుస్తూనే.

ఇక ఏటా వానలకు ముందు మాకిద్దరికీ అదొక పండగలా తయారైంది. పొడవాటి వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి, నేను మా వైపు మురుగు చాంబరు మూత తీసి గొట్టంలోకి తోసేవాణ్ణి. ఆయన లుంగీ ఎగ్గట్టి గేటు దగ్గరి చాంబర్లోకి వంగి బద్ద కొస కోసం చూసేవాడు. మధ్యలో గోడ, ఒకరికొకరం కనపడం. "అందిందా బావా?" అని నేను, "ఇంకా రాలేదు బావగారూ" అని ఆయన. కొస చేతికి అందాక ఆయన లాగితే వేరు జడ మొత్తం ఊడి వచ్చేది. తర్వాత ఇద్దరం స్నానాలు చేసి, వాళ్ల మెట్ల మీద టీ తాగుతూ మేస్త్రీని తిట్టుకునేవాళ్లం.

తర్వాత ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులొచ్చాయి. అవే మెట్ల మీద, అదే టీ తాగుతూ ఆయనొకటి అన్నాడు, నేనొకటి అన్నాను. ఏమన్నామో ఇప్పుడు చెప్పను. మాటలు ఆగిపోయాయి. ఆ ఏడు లైను నిండింది. ఎవరు ముందు పిలవాలనే పట్టుదలతో ఇల్లంతా కంపు పెట్టుకుని కూర్చున్నాను. చివరికి ఒంటరిగానే బద్దలు తోశాను. అవతల పట్టుకునేవాడు లేకపోతే తోసి లాభం లేదని తెలుసు, అయినా తోశాను. ఉన్నట్టుండి చేతిలో బద్ద కదిలింది. గోడ అవతల నుంచి, ఎప్పటి గొంతుతోనే, "అందింది బావగారూ, వదలండి" అని వినిపించింది. "మెల్లగ గుంజు బావా, మధ్యల అతుకున్నది" అన్నాను. అంతకుమించి రాజీ మాటలేవీ మేం మాట్లాడుకోలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడే ఆయన ఇల్లు ఒక బిల్డరుకు అమ్మాడు. రాష్ట్రం వల్ల కాదు, ఎత్తు మీద కట్టిన ఇంటి మెట్లు భార్య మోకాళ్లకు పడక. లిఫ్టు ఉన్న ఫ్లాటు చూసుకుని బోడుప్పల్ పోయారు. చెట్టు ఉంచమని ఆయన బిల్డరును అడిగితే అతను సరేనన్నాడు. తలుపులు ఊడదీయకముందే రంపం మిషను తెచ్చాడు. నేను గేటుకు అడ్డం నిలబడి, మాటిచ్చి తప్పుతావా అని అరిచాను. మిషను పట్టినవాడు నెమ్మదిగా, "పెద్దమనిషీ, మీ లైనుకే మంచిది గద" అన్నాడు. అన్నేళ్లు నేనన్న మాటే అది. గేటు వదిలి పక్కకు జరిగాను.

బోడుప్పల్ ఎంత దూరం, బస్సెక్కితే దిగడమే. అయినా గొట్టం నిండనప్పుడు ఏ పని చెప్పుకుని పోను? పోలేదు. మొన్న ఫోను చేసి, "నీ చెట్టు వేరు దొరికింది బావా" అన్నాను. "పచ్చిగా ఉందా?" అన్నాడు ఆయన. మా వైపు మిగిలిన ముక్క, మా ఇంటి నీళ్లు తాగుతూ బతికింది కాబోలు. గోటితో గీరితే తడి అంటింది, ఒక చోట మొటిమంత మొలక కూడా ఉంది. చెప్పాను. "అయితే తీసుకురండి. బాల్కనీలో పెద్ద తొట్టి ఉంది" అన్నాడు.

మా ఆవిడ తడిపిన గోనెపట్టాలో చుట్టి ఇచ్చింది. బస్సులో దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. చెట్టు పోయి ఇన్నేళ్లయిందని ఆ వేరుకు ఎవరూ చెప్పినట్టు లేదు. కాలం గడిచిపోయిందన్న కబురు నేల పైనున్నవాళ్లకే అందుతుందేమో.