విదియ భోజనం

యుద్ధం రోజుల్లో బెజవాడలో నూలు దొరకడం కష్టంగా ఉండేది గాని అత్తరుకి మాత్రం కరువు లేదనుకుంటాను. లేకపోతే మా మేస్త్రీ ఒంటికి రోజూ అంత వాసన ఎక్కడిది? మనిషి గది దాటకముందే వాసన వసారాలోకి వచ్చేది. ఒకందుకు అదీ మంచిదే అయింది. పమిట సర్దుకోవడానికి మాకు కాస్త వ్యవధి దొరికేది.

ఇప్పుడు వన్ టౌన్ అంటున్నారే, ఆ సందుల్లోనే ఒక నూలు షావుకారి గొడౌను ఉండేది. దాని ముందు వసారాలో ఆడవాళ్లం వరసగా రాట్నాలు వేసుకుని కండెలు చుట్టేవాళ్లం. మగ్గం మీద అటూఇటూ తిరిగే నాడెలో పెట్టే సన్న గొట్టాలకి నూలు చుట్టడమే ఆ పని. కండెకింతని కూలి. నాకు పెళ్లయి ఏడాది తిరక్కుండానే నూలు మీద కంట్రోలు వచ్చి మా ఇంట్లో మగ్గం ఆగిపోయింది. మా ఆయన పనిలేక మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూచునేవాడు. నా కూలి డబ్బులు అందితేనే మా అత్తగారు పొయ్యి వెలిగించేది. ఆ కూలి పోతే ముగ్గురం పస్తే.

నూలు చిలపలు, అంటే మేం కండెలకి చుట్టాల్సిన నూలు కట్టలు, లోపలి గదిలో ఉండేవి. ఎవరి చిలప వాళ్లు లోపలికెళ్లి మేస్త్రీ చేతిమీదుగా తెచ్చుకోవాలి. ఆయన ఒక్కొక్కరినే పిలిచేవాడు. చిలప ఇచ్చి చెయ్యి వదిలేవాడు కాదు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, "వెళ్లు, నేనేమన్నా పట్టుకున్నానా?" అనేవాడు. ఆ సందులోంచి ఆయనకి తగలకుండా బయటికి రావాలంటే గోడలో దూరాలి. ఎవరన్నా చెయ్యి విదిలించుకున్నారా, ఆ రోజు వాళ్లకి చిక్కుపడిన చిలపే. చిక్కు విడదీసేసరికే పొద్దు వాలిపోయేది, కూలి సగం కూడా వచ్చేది కాదు.

ఆ రోగానికి మాలో ఒక్కొక్కరూ ఒక్కో మందు కనిపెట్టుకున్నారు. ఒకావిడ వెల్లుల్లిపాయ నమిలి లోపలికి వెళ్లేది. ఇంకొకావిడ చంకలో పిల్లాడితో సహా వెళ్లి అదను చూసి వాణ్ణి గిల్లేది. వాడు పెట్టే కేకలకి వీధిలో బళ్లవాళ్లు కూడా తొంగిచూసేవాళ్లు. నేనొకసారి చేతులకి గంజి పట్టించుకుని వెళ్లి ఆయన సిల్కు లాల్చీకి శుభ్రంగా పూసి, "అయ్యో, చూసుకోలేదండీ" అన్నాను. ఆ వారమంతా నాకు చిక్కు చిలపలే.

షావుకారుతో చెప్పి చూశాం. ఆయన తమలపాకు ఈనె తీస్తూ, "మేస్త్రీ చెయ్యి కాస్త చురుకు. పనిమంతుడమ్మా, ఏం చేస్తాం? మీరే పమిట నిండుగా కప్పుకుని రండి" అన్నాడు. అప్పటికే నా పమిట చెవులదాకా ఉంది. ఇంకా కప్పితే దాన్ని దుప్పటి అంటారు.

మా అత్తగారితోనూ అన్నాను. ఆవిడ, "మీ ఆయనకి చెప్పకు" అంది. నాకు ఒళ్లు మండింది. "చెబితే వాడు కర్ర పుచ్చుకుని పోతాడే. వాణ్ణి పోలీసులు పట్టుకుపోతారు, నీ సంగతి ఊరు పట్టుకుంటుంది" అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ఇంకా కోపం వచ్చింది.

దసరాలు వెళ్లాక ఒకరోజు చిలప ఇస్తూ మేస్త్రీ గొంతు తగ్గించాడు. "మీ ఆయన మగ్గం ఖాళీగా ఉందటగా? నేను తలుచుకుంటే నూలు మీ ఇంటికే నడిచొస్తుంది. నన్నెప్పుడూ భోజనానికి పిలవవేం? ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూసి పిలువు" అన్నాడు. నేను బయటికొచ్చి రాట్నం ముందు కూచున్నాను గాని దారం వేళ్లలో నిలవలేదు. పక్కనున్న పిన్ని అది చూసింది. పిన్నంటే నాకు చుట్టమేం కాదు, మా వసారాలో అందరికన్నా పెద్దది. మేమంతా ఆవిణ్ణి పిన్నీ అనే పిలిచేవాళ్లం. సంగతంతా విని, "పిలువు" అంది.

"పిన్నీ!"

"పిలవమంటున్నాగా. దీపావళి వెళ్లాక విదియనాడు పిలువు."

ఆ విదియనాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంటికెళ్లి వాళ్ల చేతి వంట తిని, రవికగుడ్డో చీరో పెట్టి వస్తారు. భగినీహస్త భోజనం అంటారు. అందరిళ్లలోనూ ఆ ఆచారం ఉండదు గాని, ఉన్నచోట అది మాటలు కాదు. ఆ పూట ఆ అన్నం తిన్నవాడు మరి అన్నే. పదిమంది ఎదుట తిన్నాక కాదనడానికి ఉండదు.

"ఆయనకి ఆమాత్రం తెలీదా?" అన్నాను.

"అప్పచెల్లెళ్లు లేని మగాడికి విదియేంటో తదియేంటో ఏం తెలుస్తాది? ఒక్కగానొక్క కొడుకంట. వాళ్లావిడే చెప్పింది. మేవిద్దరం ఒకే కాలవ రేవులో బట్టలుతుక్కుంటాం" అంది పిన్ని.

దీపావళి మర్నాడు నేను తలొంచుకుని, "మేస్త్రీగారండీ, రేపు మధ్యాన్నం మా ఇంటికి భోజనానికి రండి" అన్నాను. ఆయన కళ్లు వెలిగాయి. "మీ ఆయన?" అన్నాడు. "పెడనలో వాళ్లక్కగారింటికి భోజనానికి వెళ్తున్నారండీ" అన్నాను. ఒక్క అబద్ధం ఆడలేదు. అంతదూరంలో ఉన్న అక్కగారింటికి ఒక మగాడు పనిగట్టుకుని ఆ రోజే భోజనానికి ఎందుకు పోతున్నాడో ఆయనకి తట్టనేలేదు.

మర్నాడు ఇస్త్రీ పంచె, కొత్త లాల్చీ, చేతిలో ఆకుపొట్లం నిండా మల్లెపూలకి బదులు కనకాంబరాలు. కార్తీకంలో మల్లెలెక్కడివి పాపం. సందు మొదట్లో ఉండగానే అత్తరు కబురు పంపించింది. నేను తలుపు తీశాను. లోపల గోడవారగా మా వసారా ఆడవాళ్లందరూ కూచున్నారు. నడుమ పీట మీద, బొట్టూ కాటుకా పెట్టుకుని, మేస్త్రీ వాళ్లావిడ.

"వచ్చారా? ఇంతమంది ఆడపడుచులున్నారని నాతో ఏనాడూ చెప్పలేదేమండీ?" అందావిడ.

మేస్త్రీ వెనక్కి తిరిగాడు. గుమ్మంలో మా అత్తగారు కంచు చెంబుతో నీళ్లు పట్టుకుని, "కాళ్లు కడుక్కో నాయనా" అని అడ్డంగా నిలబడింది. అలా అడ్డంగా నిలబడడం ఎలాగో ఆ పూట ఆయనకి మేం చూపించాం.

విస్తరి ముందు కూచోబెట్టాం. మొదట నేను వడ్డించాను. "తినండి అన్నయ్యా" అన్నాను. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. భయంతో కాదు, నవ్వు ఆపుకోలేక. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఒకరు గారెలు, ఒకరు పులుసు, ఒకరు పరవాన్నం. అందరూ అన్నయ్యా అనే వడ్డించారు. ఒకరి చేతిది తిని ఇంకొకరిది వద్దనడానికి లేదు. "చిన్నచెల్లెలి మీద అలిగావా అన్నయ్యా?" అని వెల్లుల్లిపాయల ఆవిడ కొసరి కొసరి గోంగూర వేసింది. అందులోనూ వెల్లుల్లే. ఆయన నుదుటి మీంచి చెమట విస్తట్లో పడింది. బియ్యం మీద అంత కంట్రోలున్న రోజుల్లో తలాకాస్త తెచ్చి వండిన అన్నం అది. మెతుకు వదలనివ్వలేదు.

పూలపొట్లం పిన్ని అందుకుని, "వదినకి తెచ్చావా అబ్బాయ్" అంటూ వాళ్లావిడ జడలో పెట్టేసింది. చివరికి ఆవిడ లేచి సంచీ తెరిచి మా అందరికీ బొట్టుపెట్టి తలో రవికగుడ్డ ఇచ్చింది. అది చూసి మేస్త్రీ పొలమారి దగ్గాడు. ఎప్పుడో యుద్ధానికి ముందు లాల్చీల కోసమని కొని పెట్టెలో దాచుకున్న సిల్కు తాను అది. ఆవిడ కత్తెర వేసేసింది.

మర్నాటినుంచి ఆయన చిలప అందరికీ దూరంనుంచే అందించేవాడు. "తీసుకో చెల్లెమ్మా" అనే మాట ఆముదం తాగినవాడిలా అనేవాడు. మా ఇంటికి నూలు నడిచి రాలేదు గాని నాకు చిక్కు చిలపలు రావడం మానేశాయి. మేం ఆ సిల్కు రవికలు తొడుక్కుని పనికి వెళ్లి నెలల తరబడి నవ్వుకున్నాం.

ఎండాకాలంలో గుణదల వైపునుంచి ఒక కొత్తపిల్ల పనిలో చేరింది. మరియమాత గుడి దగ్గర ఇల్లు. నాలుగు రోజులు కాకుండానే అత్తరు ఘాటెక్కింది. ఆ పిల్ల గదిలోంచి చిక్కు చిలపతో బయటికొచ్చి, మోచేతి దగ్గర రుద్దుకుంటూ కూచుంది. మేమంతా ఆరిందాల్లా చుట్టూ చేరి మా విదియ కథ చెప్పాం. "దీపావళి దాకా ఓపిక పట్టవే, నీ చేతా పెట్టిద్దాం" అన్నాం.

ఆ పిల్ల నవ్వలేదు. "మాకు విదియ లేదండీ. ఉన్నా నేను పెట్టను. ఆయన్ని అన్నని చేసుకోపోతే నా మీద చెయ్యెయ్యచ్చాండీ? నేను ఆయనకేమీ కాను. కూలికొచ్చాను" అంది.

ఆ పిల్ల లేచి చిలప పట్టుకుని షావుకారు కూచునే చోటికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. నన్ను చూసి మిగతా వాళ్లు లేచారు.

షావుకారు మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ ఏమాత్రం తొణక్కుండా మావైపు చెయ్యి చూపించాడు. "వీళ్లందరూ నా చెల్లెళ్లండీ. కావాలంటే అడగండి. ఒంటి మీద నేను పెట్టిన బట్టే ఉంది. అలాంటివాణ్ణి ఆడపిల్లని ఏమన్నా అంటానా?" అన్నాడు. మేం అల్లిన ఆచారాన్నే తీసి కప్పుకున్నాడు. షావుకారు నావైపు తిరిగి, "నిజమేనా అమ్మా?" అన్నాడు.

నిజమేనండీ అంటే నా కూలి నాకుంటుంది. కాదంటే రేపటినుంచి ఆ గుమ్మం నాకు మళ్లీ ఇరుకవుతుంది. మా ఇంటి పొయ్యి గుర్తొచ్చింది. భయం వేసింది, చాలా భయం వేసింది.

"చెల్లెళ్లం అయ్యాక మానేశాడండీ" అన్నాను. "అంతకుముందు మమ్మల్నీ వదల్లేదు. ఈ పిల్ల ఎవరికీ చెల్లెలు కాదు, అందుకని ఇప్పుడు ఈమె మీద పడ్డాడు."

పిన్ని, "అవునండీ" అంది. తర్వాత ఒక్కొక్కరూ అన్నారు. షావుకారు మేస్త్రీని పనిలోంచి తీసెయ్యలేదు. దానికి నాకు ఇప్పటికీ మంటే. కాకపోతే ఆ పూటే చిలపల బుట్టలన్నీ వసారాలోకి మోయించి, ఇకనుంచి అందరి ఎదుటే ఇమ్మన్నాడు.

మొదట ఆ గుణదల పిల్ల వెళ్లి చిలప అందుకుంది. తర్వాత నా వంతు వచ్చింది. మేస్త్రీ అలవాటు కొద్దీ, "తీసుకో చెల్లెమ్మా" అన్నాడు.

"నేను మీకేమీ కానండీ" అని చిలప తీసుకున్నాను.