కొసరుగా వచ్చిన జపాను మాట

భాష కూడా సరుకేనని, గట్టిగా బేరమాడితే నాలుగు మాటలు ఎక్కువొస్తాయని నమ్మిన రోజులవి. గుంటూరులో మాది మిర్చి కొట్టు. కొసరు అడగకుండా ఉప్పు పొట్లం కూడా కొనని నేను, ఫోన్లో జపనీస్ నేర్పే పంతులమ్మగారిని మాత్రం ఊరికే ఎందుకు వదులుతాను? పాఠం అవగానే, "ఇంకొక్క మాట కొసరెయ్యండి మేడమ్" అనేదాన్ని. ఓ రోజు ఆవిడ విసిగిపోయి, "'ఒమొఒమొషీ'. పై తరగతి మాట. బరువైన, హుందా అయిన అని. కానీ ఎక్కడ వాడాలంటే..." అంటూండగానే ఫోన్ పెట్టేశాను. 'ఒమొయ్' అంటే బరువని ముందే తెలుసు. ఇది రెండుసార్లు తూచిన బరువన్నమాట (అనుకున్నాను), ఇంకేం కావాలి?

ఆ వారమే మా సరుకు చూడ్డానికి జపాను నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. "చెప్పిన రేటుకి రూపాయి తగ్గేది లేదు. జాగ్రత్తగా మాట్లాడవే తల్లీ" అని నాన్న నన్ను ముందు నిలబెట్టాడు. బస్తా మూతి విప్పగానే గుప్పెడు కాయలు చూపించి, "ఒమొఒమొషీ!" అన్నాను. పెద్దాయన మా గోనె బస్తాకి నడుం వంచి నమస్కారం పెట్టాడు.

"ఏవన్నావే?" నాన్న గుసగుసగా అడిగాడు.

"కాయ మంచి బరువుగా ఉందన్నాను."

"కొంప ముంచావు గదే! మిర్చి బరువంటే తూకం కోసం నీళ్ళు కొట్టామని ఒప్పుకున్నట్టే గదా!"

నాన్న పంచె సర్దుకుని ముందుకొచ్చి, బాగా ఎండిన కాయేనని తెలిసేలా పెద్దాయన చెవి దగ్గర గలగలా ఆడించాడు. మాట లేదు, నవ్వు లేదు. పెద్దాయన మాత్రం నవ్వి, చెయ్యి నాన్న వైపు చాపి, "ఒమొఒమొషీ" అన్నాడు.

"ఇదేందే, నాక్కూడా నీళ్ళు కొట్టారంటాడా?"

మేడమ్ చెప్పిన అర్థంలో రెండో సగం నాకప్పుడు గుర్తొచ్చింది. "కాదు నాన్నా! నువ్వు హుందాగా ఉన్నావంట."

నాన్న మెడ సాగింది. కండువా భుజానికెక్కింది. సరిగ్గా అప్పుడే పెద్దాయన చేత్తో సైగ చేస్తూ రేటు కాస్త తగ్గించమన్నాడు. మామూలుగా అయితే మా నాన్న కేక పక్క వీధిలో వినపడేది. ఆ రోజు మాత్రం కళ్ళు అరమూసి, నిదానంగా తలూపాడు.

"నాన్నా, తగ్గించమంటున్నాడు!"

"తెలుసులేవే. అంత పెద్దమనిషి నోరు తెరిచి అడిగాడు, కాదంటే ఏం బాగుంటుంది?"

సరుకు పోయింది, దాంతోపాటు మా రేటూ పోయింది.

ఇప్పుడు ఆ కొట్లో నేనే కూర్చుంటున్నాను. కొనడానికొచ్చిన వాళ్ళెవరైనా "ఎంత హుందాగా ఉన్నారండీ మేడమ్ గారూ" అంటే చాలు, అనుమానమొచ్చి గొంతు పెంచేస్తాను. వాళ్ళు వెళ్ళాక మాత్రం కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుని చూసుకుంటాను (ఎవరూ చూడ్డం లేదు గదా). ఎంతసేపంటారా? గుమ్మంలోకి ఇంకో బేరం వచ్చేదాకా.