దక్షిణం వైపు సార్ వదిలిన జాగా

మా డ్రాయింగ్ సార్ పోయారు. ఎండలు ముదిరిన రోజుల్లో, పట్టపగలు, అన్నం తిని దక్షిణం కిటికీ పక్కన మంచం మీద నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు. దవాఖానలో వడదెబ్బ అన్నారు. ఎండలో తిరిగేవాడికి తగలాల్సిన దెబ్బ ఇంట్లో పడుకున్నవాడికి ఎట్లా తగిలిందని జనగామలో మా వాడ వాళ్లు ఎవరూ అడగలేదు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే ఒకావిడ నా చెవి దగ్గర చేరి, "ఒక్క ఏసీ పెట్టిచ్చుకుంటె బతికేటోడు గదనే, గంత పీనాసితనం ఎందుకు?" అంది. అక్కడే దులిపేసేదాన్ని. పెద్దాయన శవం ముందు రభస ఎందుకని పళ్లు బిగపట్టుకున్నాను. నా నోటి సంగతి తెలిసినవాళ్లు ఈ మాట నమ్మరు.

అందుకే ఇప్పుడు రాస్తున్నాను. సార్ పేరు పక్కన పీనాసి అన్న మాట మిగిలిపోతే నాకు అన్నం సయించదు.

నేను ఆయన దగ్గర చదువుకున్నదాన్ని. తర్వాత పెళ్లై ఆయన ఇంటి ఎదురింటికే కోడలిగా వచ్చాను. కిటికీ పక్కన మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. తల ఎత్తితే సార్ వాకిలే కనిపించేది. కాబట్టి నేను చెప్పేది ఎవరో చెప్పగా విన్నది కాదు.

సార్ ఇల్లు కట్టేటప్పుడు నేను ఇంకా బళ్లోనే ఉన్నాను. బడి నుంచి వచ్చే దారిలో ఆ వింత చూడడానికి ఆగేవాళ్లం. గోడలో ఇటుకలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో బోలు ఉంచి కట్టిస్తున్నారాయన. ఎండ వేడి లోపలికి దిగకుండా స్లాబులో కుండలు బోర్లించి వాటి మీద కాంక్రీటు పోయించారు. నెల్లికుదురులో ఎవరో పాత ఇల్లు కూలగొడుతుంటే ఆ టేకు దర్వాజలు బండి మీద వేయించుకుని వచ్చారు. "కొత్తింటికి పాత దర్వాజలేంది సార్, మంచిది కాదు" అని మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. "చెట్టుకు మంచిదేనాయె" అన్నారు సార్.

అన్నిటికంటే వింత అగరొత్తులు. ప్రతి కిటికీ పెట్టబోయే చోట సార్ ఒక అగరొత్తి వెలిగించి, పొగ ఎటు పోతుందో చూస్తూ కూర్చునేవారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొగ లోపలికి వంగితే కిటికీ అక్కడే. నిలువుగా లేస్తే గోడ మూసేయమనేవారు. మేస్త్రి రెండు రోజులు చూసి, "ఏ దేవునికి సార్ గిన్ని పూజలు?" అన్నాడు. "వాయుదేవునికి" అన్నారు సార్ నవ్వకుండా. పాపం ఆ మేస్త్రి నిజమే అనుకుని చెప్పులు విడిచి దండం పెట్టాడు.

అసలు గొడవ దక్షిణం దగ్గర వచ్చింది. సాయంత్రం గాలి దక్షిణం నుంచి వస్తుందని పొగ చెప్పింది. సార్ ఆ వైపు ఒక మనిషి చేతులు బారచాపి నడిచేంత జాగా ఖాళీగా వదిలారు. వాడంతా గుండెలు బాదుకుంది. మా దగ్గర ఇల్లు కట్టాలంటే మేస్త్రి కంటే ముందు వాస్తు చూసే ఆయన రావాలి. ఉత్తరం, తూర్పు వదలాలి గానీ దక్షిణం ఎవరైనా వదులుతారా? అది యముడి దిక్కు. "దక్షిణం జాగ ఇడిస్తె ఇంటి యజమాని దక్కడు" అని సార్ భార్య దగ్గరకు వచ్చి మరీ చెప్పిపోయారు. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. అమ్మ ఏడ్చింది. సార్ ఆమెను ఆ ఖాళీ జాగాలోనే సాయంత్రం పూట నిలబెట్టి, "జర కండ్లు మూసుకో. ముఖానికి ఏం తగులుతున్నది?" అని అడిగారట. "గాలి" అందట అమ్మ. "యముడైతె ఇంత సల్లగ ఉంటడా?" అన్నారట. ఆ మాట అమ్మే ఎన్నోసార్లు చెప్పి నవ్వేది.

ఆ ఇంటి చల్లదనం అనుభవించని ఆడవాళ్లు మా వాడలో లేరు. మధ్యాహ్నం కాగానే చింతపండు గింజలు తీయడానికి, ఆవకాయ ముక్కలు కొట్టడానికి సార్ వరండాకే చేరేవాళ్లం. శివరాత్రి దాటితే సార్ స్వయంగా డాబా ఎక్కి సున్నం కొట్టేవారు. గిన్నెలు కడిగిన నీళ్లు అరటి మొక్కలకు, వాన నీళ్లు ఇంకుడు గుంతకు. ఆదివారం మటన్‌కు స్టీలు డబ్బా పట్టుకుపోతే దుకాణం ఆయన, "సార్, టిఫిన్ ఈడ దొరకది" అని ఆటపట్టించేవాడు. ఇంట్లో ఏ కార్యం జరిగినా మోదుగాకు ఇస్తరాకులే. దంతాలపల్లి వైపు ఆయన సొంతూరి నుంచి కట్టలు కట్టి తెప్పించేవారు.

నా మిషన్ కింద పడ్డ గుడ్డ ముక్కలన్నీ ఏరుకుపోయి, మళ్లీ నా చేతనే సంచులు కుట్టించి, కూరగాయల మార్కెట్లో పంచేవారు. జనం తీసుకున్నారు. ఎందుకు తీసుకోరు, ఊరికే వస్తే? ఆ సంచిలో టమాటాలు ఒక పాలిథిన్ కవర్లో, మిరపకాయలు ఇంకో కవర్లో వేసుకుని తెచ్చుకునేవాళ్లు. ఒకసారి అది చూసి నేను మండిపడ్డాను. "పోనియ్ బిడ్డా, కవర్లు మోసే సంచన్న మారింది" అన్నారు సార్. ఆయనకు నవ్వు వచ్చింది. నాకు రాలేదు.

దక్షిణం వైపు ప్లాటు చాలా కాలం ఖాళీగానే ఉండేది. సిమెంటు, ఇనుము వ్యాపారం చేసే ఆయన దాన్ని కొని మూడంతస్తులు లేపాడు. వాస్తు తు.చ. తప్పని మనిషి. ఆయన ఉత్తరం వైపు జాగా వదలాలి. అంటే మా సార్ వైపు. వదిలాడా? ఒక్క అంగుళం కూడా వదలకుండా హద్దు మీదే గోడ లేపాడు. సార్ అడగడానికి వెళ్తుంటే అమ్మతో పాటు నేనూ వెనకే వెళ్లాను.

"ఉత్తరం ఇడవాల్నంట గద, మీరే ఇడుస్తలేరేంది?" అన్నారు సార్.

"మా వాస్తాయన వచ్చి చూసిండు సార్. మీరు ఇడిసిన జాగ ఉన్నది గద, మాకు ఉత్తరం ఖాళీ వచ్చినట్టే అన్నడు. ఇగ మళ్ల మేమెందుకు ఇడుసుడు?" అని పక్కింటాయన నవ్వాడు. వెటకారం కూడా కాదు. నిజంగా సంతోషంగా నవ్వాడు. సార్ వల్ల ఆయనకు మంచి జరిగిందని.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సార్ నా వైపు చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపారు. తిరిగి వచ్చేటప్పుడు, "గాలికి పట్టా ఉండదు బిడ్డా. ఎవరి పేరు మీద అడుగుత?" అన్నారు.

ఆ గోడ లేచాక అగరొత్తి పొగ మళ్లీ ఎప్పుడూ లోపలికి వంగలేదు. అదైనా ఓర్చుకునేవారేమో. పక్కింట్లో గదికొక ఏసీ వచ్చింది. వాటి డబ్బాలన్నీ బయటికి, అంటే సార్ వదిలిన జాగా మీదికి, వరసగా బిగించారు. రోజంతా అవి వేడి కక్కుతూ ఉండేవి. సార్ ఆ గోడకు తీగలు పాకించారు. మాడిపోయాయి. వట్టివేళ్ల తడకలు కట్టి తడిపారు. గంటలో ఎండి గలగలలాడాయి. చివరికి, గాలి కోసం కట్టిన ఇంట్లో దక్షిణం కిటికీలు మూసుకుని బతికారు. అయినా తన మంచం ఆ పక్క నుంచి జరపలేదు. మొండితనం అనండి, ఒప్పుకుంటాను. పీనాసితనం అనకండి.

పచ్చదనం మీద మీటింగు పెట్టినవాళ్లు ఒకసారి ఆయన ఇంటికి వచ్చారు. గోడలు తట్టి చూశారు, ఫొటోలు దిగారు, మెరిసే ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తి చేతిలో పెట్టారు. సార్ వాళ్లను దక్షిణం సందులోకి తీసుకుపోయి ఆ డబ్బాలు చూపించారు. "వాళ్లతోని జర మాట్లాడుండ్రి" అన్నారు. చూస్తామన్నారు. చెమటలు తుడుచుకుంటూ కారెక్కి అద్దాలు ఎత్తుకున్నారు.

సార్ పోయిన రోజు మధ్యాహ్నం అమ్మ కేక విని నేనే ముందు పరుగెత్తాను. సార్ ఒళ్లు పెనంలా కాలుతోంది. మాట లేదు. పక్కింటాయనే తన కారు తీసి, తనే ఎత్తుకుని వెనక సీట్లో పడుకోబెట్టాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆయన కళ్లల్లో నీళ్లు ఉన్నాయి. కారులో ఏసీ చల్లగా కొడుతోంది. ఆ చల్లగాలి తగులుతుండగానే సార్ పోయారు.

సంతాప సభ ఏసీ ఫంక్షన్ హాల్లో పెట్టారు. స్టేజీ మీద మనిషికొక ప్లాస్టిక్ నీళ్ల సీసా, వెనక సార్ బొమ్మతో గోడంత ఫ్లెక్సీ. ఒకాయన సార్‌ను ప్రకృతి ప్రేమికుడు అన్నాడు, ఇంకొకాయన రుషి అన్నాడు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. "సార్ ఎండకు పోలేదు. మన సల్లదనానికి పోయిండు" అని మైకు ఇచ్చేసి దిగాను. చప్పట్లు కొట్టారు. అర్థమై కొట్టారో, అందరికీ కొట్టినట్టే కొట్టారో!

బయట పక్కింటాయన నన్ను ఆపాడు. "నేనేం చేసిన చెల్లే? నా జాగల నేను కట్టుకున్న. సార్ ఒక్కనాడన్న గట్టిగ అడిగిండా?"

"అడిగిండన్నా. నువ్వు నవ్వినవ్."

వాడలో ఇప్పటికీ దక్షిణం వదిలినందుకే సార్ పోయాడనే అనుకుంటున్నారు. ఆ లెక్కన యముడు నిజంగానే ఆ దిక్కు నుంచి వచ్చాడు. ఆయన్ను పిలిచిందెవరో మాత్రం ఎవరూ అనరు.

మొన్న సార్ బిడ్డ మహబూబాబాద్ నుంచి వచ్చి తల్లికి ఏసీ పెట్టిస్తానంది. అమ్మ వద్దంటే, "బాపును పోగొట్టుకున్నది సాలదా? నిన్ను గూడ పోగొట్టుకోవాల్నా?" అని ఏడ్చింది. ఆ పిల్లది తప్పని నేను ఎట్లా అంటాను?

ఏసీ బిగించే మనిషి దక్షిణం సందులోకి పోయి వెంటనే వెనక్కి వచ్చాడు. "ఈడ పెడితె నడువదమ్మా. మిషన్‌కు గూడ జర గాలి ఆడాలె. గీ వేడికి ఖరాబైతది" అన్నాడు.

అమ్మ అరుగు మీద కూలబడింది. "మిషన్ తట్టుకోదట బిడ్డా" అంది నాతో. "ఆయన గా గోడ పక్కనే పండుకున్నడు."

ఆ గదికి ఇక మిగిలిన బయటి గోడ వీధి వైపుది ఒక్కటే. సరిగ్గా నా కుట్టు మిషన్ కిటికీకి ఎదురుగా. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీ దిక్కే కొడుతది. జర ఏమనుకోకు బిడ్డా."

"పెట్టుకో అమ్మా" అన్నాను. ఇంకేమనను?

మర్నాటి నుంచే మిషన్ దగ్గర కూర్చోలేకపోయాను. చేతి చెమట జాకెట్ గుడ్డకు అంటుతోంది. అంచు మీద సూది నిలవడం లేదు. మా ఆయన చూసి, "మనం గూడ ఒకటి తెస్తె అయిపాయె" అన్నాడు. నేను కాదనలేదు. పొట్ట గడవాలి కదా. డబ్బా ఎటు పెట్టించాలో చూద్దామని ఇంటి వెనక్కి వెళ్లాను.

మా వెనక గోడకు ఎదురుగా ఒక రేకుల ఇల్లు ఉంది. దాని కిటికీ ఊచలకు తడి చీర కట్టి ఉంది. దాని వెనక ఒక బాలింత చంటిపిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. గోడను ఎగాదిగా చూస్తున్న నన్ను చూసి ఆమె నవ్వింది. చీర కొంచెం పక్కకు జరిపింది.

"గంత ఎండల నిలబడ్డవేందక్కా? లోపటికి రా. ఈ కిటికీకాడ జర సల్లగాలి వస్తున్నది."