చివరి గుక్క

కోయంబత్తూరులో మొక్కల మీద పరిశోధన చేసే అద్దాల షెడ్డు ఒకటుంది. అక్కడ చిన్నత్తాయి పని, తొట్లలో ఎవరూ నీళ్ళు పోయకుండా చూసుకోవడం. ఇదీ ఒక పనేనా అని విసుక్కునేది. మదురై పక్కన వాళ్ళ నల్లరేగడి చేను ఏ కాపలా లేకుండానే ఎండిపోయింది.

"నీళ్ళు లేకపోతే జొన్న తనను కాపాడుకునే ప్రోటీను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. వరి అంత చేసుకోలేదు. అదే చూస్తున్నాం అక్కా," అంది పరిశోధకురాలు మేనక.

తాగిన చెంబులో చివరి గుక్క మొక్కకు పోయడం చిన్నత్తాయి ఇంటి అలవాటు. ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యి దానంతటదే వాడిపోయిన వరి తొట్టి మీదికి వంగింది. సాయంత్రానికి వరి తలెత్తింది.

మేనక తిట్టలేదు. ప్రయోగం చెడిందని ఆ ఒక్క మొక్కనే పెరికి చెత్తలో వేసింది.

అప్పటినుంచి చివరి గుక్క కూడా చిన్నత్తాయే తాగుతోంది.