రాజలింగం కాలు, పోచవ్వ పంతం

మా కోడలు పోచవ్వ కొట్లాడంగ శానసార్లు చూసిన గని, కోరుట్ల ప్రైవేటు దవాఖానల కొట్లాట మాత్రం మర్చిపోను.

ఆమె పెనిమిటి రాజలింగం నాకు బావ కొడుకు. పసుపు బస్తాల ట్రాక్టర్ మీదినుంచి పడి తొడ బొక్క ఇరగ్గొట్టుకున్నడు. మా ఊరు ముత్యంపేట నుంచి తీస్కపోయినం. పేర్లు రాసుకునే కాడ కూసున్న పిలగాడు సర్కారు ఆరోగ్యశ్రీ కార్డు చూడంగనే మొకం మాడ్చుకున్నడు. ఆ కార్డు బెడ్లు నిండినయట, పైసలు కడితె మటుకు ఉన్నదట. ఇటు రాజలింగం స్ట్రెచర్ మీద మూల్గుతుండు. నాకైతే నోట్లె తిట్లే తిరిగినయి. పోచవ్వ గొంతు సుత లేపలే. కొంగు నడుముకు చెక్కుకున్నది.

"బెడ్డు లేదని కాగితం మీద రాసియ్యి తమ్మీ. కింద నీ పేరు రాయి. అది పట్టుకొని ఏడికి పోవాల్నో గాడికి పోత."

పిలగాడు పెన్ను పట్టిండు, పెట్టిండు, లోపటికి పోయిండు. మర్లి అచ్చేవరకు బెడ్డు మొలిచింది.

ఎనకట బొక్క ఇరిగితే కోరుట్లల కట్టు కట్టి కరీంనగర్ పొమ్మందురు. ఖర్చుకు దడిసి సగం మంది పసరు కట్టేటోని తొవ్వ పడుదురు. మా ఆయిన గట్లనే వంకర చేత్తోని కాటికి పోయిండు. సర్కారు కార్డు మీద పది లక్షలదాక ఖర్చు ఇచ్చుడు చేసినంక, ఈడనే ఆపరేషన్లు చేస్తున్నరు. చేయించుకునే నోరుండాలె, గంతే.

తొడల రాడ్డు ఏసే ఆపరేషన్ కాకముందే రాజలింగం తమ్ముడు దివాకర్ దుబాయ్ నుంచి ఫోన్ చేసిండు. కార్డు మీద చేపిస్తే నలుగుట్ల పరువు పోతదట, తను పంపుతడట. గల్ఫ్ పోయిన ఇండ్లకు గీ రోగం శాన ఉంటది. కార్డు పెట్టెల దాచుకొని మిత్తికి అప్పు తెస్తరు. పోచవ్వ అంత ఇన్నది. నీ పరువుకు రాడ్డు అక్కర్లేదు మరిదీ, మీ అన్న తొడకు కావాలె అని ఫోన్ పెట్టేసింది.

రాడ్డు మంచిగ పడ్డది. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఒక్కటే మాట చెప్పిండు: వాకర్ పట్టుకొని రోజు నడువాలె, మోకాలు వంచాలె, పండుకున్నవా, కాలు కట్టె అయితది.

మా ఊళ్లె ఆ మాట ఎవలింటరు? దెబ్బ తాకినోన్ని చూడ అచ్చుడు మా దిక్కు పెద్ద పని. బ్రెడ్డు, అరటిపండ్లు పట్టుకొని అచ్చినోడల్ల మంచం పక్కన కూసుండి, కదలకు నాయినా, బొక్క అతుక్కోనియ్యి అనుడే. సిరిసిల్ల నుంచి రాజలింగం అక్క శంకరవ్వ మేక కాళ్ల సూపు పట్టుకొని అచ్చింది. సూపుతోని ఊకున్నా బాగుండు. తమ్ముని మొదటి అడుగు వేములాడ రాజన్న గుడి మెట్ల మీదనే పడాలెనని మొక్కు సుత మొక్కింది. రాజలింగానికి ఇంకేం కావాలె? దేవుని పేరు చెప్పి మంచం దిగుడే బందు వెట్టిండు.

కసరత్తు చేయించే ప్రణీత మేడం కాడికి ఆటోల జగిత్యాల తీస్కపోతే, ఆమె కాలు పట్టి చూసింది. మోకాలు సగం కూడ వంగలే. ఇంకో నెల గిట్లనే పంటే రాడ్డు ఉండి లాభం లేదు, జన్మంత కుంటుడే అన్నది.

ఇంటికచ్చినంక పోచవ్వ ఆడిబిడ్డ ముంగట నిలబడ్డది.

"మొక్కు నీది వదినా, కాలు ఆయినది. రాజన్న కాడికి ఎత్తుకపోను, నడిపించుకుంట తీస్కపోత."

శంకరవ్వ సూపు గిన్నె సంచిల ఏసుకొని సిరిసిల్ల బస్సెక్కింది. ఒగ పీడ పోయిందనుకున్న. పోలే. పోచవ్వ ఇంట్లున్నంత సేపు రాజలింగం నాలుగడుగులు ఏస్తడు, ఆమె చేను దిక్కు తిరగంగనే మల్ల మంచమే. మంచం బయిట పడేస్తే, పాపమని చూడ అచ్చినోళ్లే లోపటేసిండ్రు. కార్డు రాడ్డు ఏయిస్తది గని, పొద్దుగాల లేపి నడిపిస్తదా?

నిన్న పొద్దుమీకి మా ఇంటికచ్చింది. కూసుండు అంటే కూసోలే.

"సిన్నత్తా, రేపటి సంది పొద్దుగాలనే మా ఇంటికి రా. అచ్చి ఆయిన మంచం మీద నువ్వు పండుకో. ఎవలచ్చినా లెవ్వకు. నీ నోటి ముంగట నిన్ను లెవ్వుమనే మొగోడు మనూళ్లె ఇంక పుట్టలే."