సింహాచలమ్మ గారి తెల్లగుడ్డ

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు తెరుచుకోగానే మామిడిపండు వాసన వచ్చింది. మామిడి కాలం కాదు, లిఫ్టులో ఎవరూ లేరు. ఆ తీపి వెనకాల గొంతులో గీరేది ఇంకేదో ఉంది. పై అంతస్తులో భార్య, చిన్న పాపతో ఉండే బ్యాంకు ఉద్యోగి బ్యాటరీ సిగరెట్టు పీల్చుకుంటూ దిగి వెళ్లాడన్నమాట. మిగతావాళ్లు ముక్కు మూసుకుని ఊరుకుంటారు. నేను ఊరుకునే రకం కాదు. అయితే ఆ వాసనకి నాకు మొదట గుర్తొచ్చింది అతను కాదు, నెల్లిమర్లలో మా ఇంటి యజమానురాలు సింహాచలమ్మ గారు. వెంటనే ఆవిడ నాకు పెట్టిన పేరు కూడా. అది నేను ఇప్పటికీ మరచిపోలేదు.

రాష్ట్రం విడిపోయిన ఏడాది ఆవిడ పెంకుటింట్లో సగం వాటా అద్దెకు తీసుకున్నాం. రెండు వాటాలకీ వసారా ఒకటే. ఆవిడ అక్కడే గోడకి చేరగిలి అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, లోపలికే పీల్చడం. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్లలో ఆ అలవాటు ఉందని విన్నాను గానీ అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నిప్పు నాలుకకి ఎందుకు అంటదు, మాట్లాడేటప్పుడు ఎటు జరుగుతుంది అని కళ్లార్పకుండా చూసేదాన్ని. కానీ రెండో తరగతి చదివే మా పాప చిన్నికి పొగ పడదు. వసారాలో చుట్ట వెలిగిన సాయంత్రం దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. నెబ్యులైజరు పెట్టి, అది నిద్రపోయేదాకా వీపు నిమురుతూ కూర్చునేదాన్ని.

నేరుగా వెళ్లి మునిసిపల్ ఆఫీసులో పిటీషన్ ఇచ్చాను. అక్కడి ఉద్యోగి చదివి నవ్వాడు. "అమ్మా, బస్టాండులోనో, ఓటల్లోనో తాగితే జరిమానా రాస్తాం. సొంతింటి వసారాలో ముసలమ్మ సుట్ట తాగితే సట్టం ఏటి సేస్తాది? ఇల్లు మారిపోండి" అన్నాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది. పాప బడికీ నా ఉద్యోగానికీ నడిచి వెళ్లగలిగే ఇల్లు అదొక్కటే. పైగా తప్పు చేయనిదాన్ని నేనెందుకు మారాలి?

నేను ఇల్లు చేరేలోపే కబురు చేరిపోయింది. సింహాచలమ్మ గారు వసారాలో నుంచుని ఉన్నారు.

"ఏటే, ఆపీసు దాకా ఎల్లొచ్చావా? నా గుమ్మం అంత దూరమైపోనాదా నీకు?"

"మీ పొగ మా పాపకి పడట్లేదు మామ్మా."

"నా పొగా? నిప్పు నా నోట్లో ఉన్నాది, పొగా నా నోట్లోనే ఉన్నాది. బైటికేటొస్తాది? ఊడుపులకాడ గాలికి సుట్ట ఆరిపోద్దని, బూడిద రాలకుండా ఉంటాదని మా యమ్మ నేర్పింది. ఇన్నేళ్లలో ఒక్కరి కంట్లో పొగ ఎట్టనేదు. ఓలే పిటీషనమ్మా, నీకు పనేటీ నేదా?"

అదీ ఆవిడ పెట్టిన పేరు. మర్నాటికి వీధంతా అదే పిలుపు. పాలుపోసే ఆవిడ కూడా "పిటీషనమ్మ గోరూ, గిన్నె తెండి" అంది. నేను పట్టు వదల్లేదు. రోజూ సాయంత్రం ఆవిడ చుట్ట తీయగానే వెళ్లి ఎదురుగా కూర్చుని, అదే మాట అదే గొంతుతో చెప్పేదాన్ని. ఆవిడా అదే జవాబు చెప్పేది. ఒకరోజు ఆవిడకే విసుగొచ్చింది. లోపలికి వెళ్లి, ఉతికిన పాత పంచె చింపి రెండు తెల్లగుడ్డలు తెచ్చింది.

"ఒకటి నా నెత్తి మీద దండెం మీదేస్తాను, ఒకటి పెరట్లో నూతికాడేస్తాను. రేపు ఏది పొగ గుడ్డో నీ కూతురే సెప్పాల. పొగ నాకాడే ఉండిపోతే, నువ్వు ఈదిలో నిలబడి నీదే తప్పని అనాల. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. ఎవరితోనైనా గొడవ పెట్టుకోవచ్చు గానీ, గొడవ నిజమో కాదో చూద్దాం అన్న మనిషి నాకు అంతకుముందు తగల్లేదు. ఆ రాత్రి కోపంకన్నా ఎక్కువ కుతూహలం. నిజంగానే ఆవిడ పొగ అంతా లోపలే ఉండిపోతుందేమో, పాప ఆయాసానికి ఇంకేదో కారణముందేమో అని కూడా అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆవిడ తన కొంగుతో చిన్ని కళ్లు మూసి, ఒక్కొక్క గుడ్డే ముక్కు దగ్గర పెట్టింది. మొదటిదానికి చిన్ని "ఎండ వాసన" అంది. రెండోదానికి మొహం తిప్పేసుకుని దగ్గింది. "ఇది మామ్మ వాసన."

"ఇంకోపాలి" అంది సింహాచలమ్మ గారు. గుడ్డలు తారుమారు చేసింది. చిన్ని మళ్లీ దానికే దగ్గింది.

ఆవిడ ఆ గుడ్డ తీసుకుని తన ముక్కుకి అదిమి పెట్టుకుంది. తర్వాత రెండో గుడ్డ. మళ్లీ మొదటిది. "నాకు రెండూ ఒకటేనే" అంది నెమ్మదిగా. "కూరలో ఉప్పు నేదని కోడల్ని తిట్టీదాన్ని. అదీ ఇదీ నాకే తెలీనేదు." గెలిచానన్న సంతోషం నాకు కలగాలి. కొంచెం కలిగింది కూడా. కానీ ఆవిడ గుడ్డను మడతపెట్టిన తీరు చూశాక అది నిలవలేదు.

ఆ రోజు నుంచి చుట్ట పెరట్లో నూతి అవతలికి పోయింది. మానమంటే మానలేకపోయింది. వానల్లో గొడుగు వేసుకుని నిలబడి పీల్చేది. బయటికి నిప్పు కనిపించదు కాబట్టి, దూరం నుంచి చూస్తే గొడుగు కింద ఏదో ఆలోచిస్తున్న మనిషిలా ఉండేది. చిన్ని ఛాతీలో కూతలు పూర్తిగా పోలేదు గానీ, నెబ్యులైజరు అటక ఎక్కింది.

రెండేళ్ల తర్వాత విశాఖపట్నం నుంచి ఆవిడ మనవడు వచ్చాడు. కాలేజీ చదువు. వసారాలో కూర్చుని పెన్నులాంటిది నోట్లో పెట్టుకుని మేఘాలు వదులుతున్నాడు. ఊరంతా మామిడిపండు వాసన. నేను గుమ్మంలోకి వచ్చేసరికే ఆవిడ అందుకుంది.

"ఏట్రా ఆ పొగ?"

"పొగ కాదే మామ్మా, ఆవిరి. ఎవరికీ ఏటీ అవదు."

"ఆవిరా? ఐతే రేపు దాని మీద ఇడ్లీలెట్టు." తర్వాత నవ్వు మానేసి అంది. "నానూ అలాగే సెప్పీదాన్నిరా, నా పొగ నాకాడే ఉంటాదని. ఓలే పిటీషనమ్మా, గుడ్డ తే!"

గుడ్డ కట్టాం. చిన్ని వాసన చూసింది. "ముందు మామిడిపండు, తర్వాత ప్లాస్టిక్ కాలినట్టు" అంది. "మరి నడు" అని మనవడిని నూతి అవతలికి తోలింది ఆవిడ. ఆ సాయంత్రం ముసలావిడ నోట్లో నిప్పు, మనవడి నోట్లో మేఘం, ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటే, వసారాలో మా పాప గట్టిగా పాఠం చదువుకుంది.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆఫీసులకి పిటీషన్లు రాయడం నేను మానలేదు, మానను కూడా. అయితే ముందు గుమ్మం, తర్వాత ఆఫీసు. మొన్న నా తెల్ల చేతిరుమాలు ఒకటి ఉతికి లిఫ్టులో కమ్మీకి కట్టాను, ఇంకొకటి మా బాల్కనీలో. మర్నాడు రెండూ పట్టుకుని పై అంతస్తు బెల్లు కొట్టాను. బ్యాంకు ఉద్యోగి తలుపు తీసి అయోమయంగా చూశాడు.

"వాసన చూసి మీరే చెప్పండి బాబూ" అన్నాను. "తెలియకపోతే మీ పాపని పిలవండి."

అతను మొదటి రుమాలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను ఎదురుగా నిలబడి ఎదురుచూశాను. పిటీషన్ మాత్రం సంచిలో సిద్ధంగానే ఉంది.