కోరంగి మనిషి

ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి ఆల్బనీ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలి అమెరికన్ ఒకటే ప్రశ్నలు. జవాబులన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. హారిస్‌డేల్‌లో ఇంటి దగ్గరున్న మా ఆయనకు ఫోన్ చేశాను.

"పక్కనెవరో అన్నీ రాసుకుంటున్నాడండీ. చాలా వియర్డ్‌గా ఉంది."

"డీటెయిల్స్ ఏం చెప్పకు. సీట్ మారిపో."

ఖాళీ సీటు లేదు. ఇండియాలో ఏ ఊరని అతను అడిగితే ఢిల్లీ అని అబద్ధం చెప్పాను.

అతని ముఖం చిన్నబోయింది. అమెరికా కొత్తగా ఏర్పడిన రోజుల్లో వాళ్ల పూర్వీకుడొకాయన ఓడ కెప్టెనట. ఆయన తిరిగిన రేవులన్నీ ఇతను చూస్తూ వస్తున్నాడట.

"జబ్బుపడ్డ నావికుణ్ణొకణ్ణి ఆల్బనీ దగ్గర ఒడ్డున దించేసి వెళ్లిపోయాడు. లాగ్‌బుక్‌లో పేరు కూడా రాయలేదు. కొరింగా మనిషి అని రాశాడంతే. ఆ ఊరు తెలిసినవాళ్లు ఒక్కరూ దొరకలేదు."

"కొరింగా కాదు, కోరంగి," అనేశాను. మా కాకినాడ పక్కనే ఉన్న పాతకాలం ఓడరేవు అది.

అతను నా వైపు చూశాడు. ఢిల్లీ మాట ఎత్తలేదు.

"మళ్లీ చెప్పండి. ఆ ఒడ్డున నిలబడి సరిగ్గా పలకాలి."

నోరు తిరిగేదాకా చెప్పించుకున్నాడు. దిగేముందు, నాది ఢిల్లీ కాదని చెప్పాను.

"తెలుసు," అన్నాడు నోట్‌బుక్ మూసేస్తూ.